ఫైలకా గుడికి పోయిన శుక్రవారం

"గుడికి ఎవరన్నా ఉత్త చేతుల్తో పోతారా?" అన్నాడు మా ఆయన నాలుగోసారి.

"అది మన గుడి కాదని నేనూ నాలుగుసార్లు చెప్పినా. పాడుబడిన గుడి. లోపల సామి లేడు. హెలెన్ ఫోన్లో చూపిచ్చింది గదా, ఉండేటివన్నీ రాళ్లే."

"సామి లేకపోతే దాన్ని గుడని ఎందుకంటారు? గమ్మున తీస్కపో."

ఆయన టెంకాయను సంచిలో పెట్టడం, నేను తీసి పొయ్యి పక్కన పెట్టడం. పొద్దున ఆరున్నర నుంచి ఇదే పని. మంగఫ్‌లో మా ఆయన చిన్నపుల్లయ్య, మా అబ్బాయి ఆంజి ఉండే గది అది. ఒకదాని మీద ఒకటి రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక కిటికీ. ఆయన కంపెనీ బస్సు తోలుతాడు. ఆంజి అదే కంపెనీలో పైపుల పని చేస్తాడు. నేను సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తూ అక్కడే ఉంటాను. వారానికి ఒక్కసారి, శుక్రవారం సెలవునాడు, ఈ గదికి వచ్చి ముగ్గురికీ వండుతాను. ఆ ఒక్క పూటే మాది సంసారం.

పై మంచం మీది నుంచి ఆంజి కళ్లు తెరవకుండానే అన్నాడు. "తీస్కపోరాదా మా, ఎంత బరువుంటాది?"

నా బాధ టెంకాయ గురించి కాదు. దాని కింద ప్లాస్టిక్ కవర్లో ఉన్న కాయితం గురించి. అది మా కోడలు వెంకటేశ్వరి కొత్త పాస్‌పోర్టు జిరాక్సు. మా వైపు గల్ఫుకు పోయేవాళ్లు పాస్‌పోర్టును దేవుడి పాదాల దగ్గర పెట్టి తీసుకుంటే గానీ విమానం ఎక్కరు. ఇక్కడేమో గోడకు తగిలించిన పటాలే దిక్కు. అలాంటిది, ఫైలకా దీవిలో వేల ఏళ్ల నాటి గుడి ఉందని హెలెన్ చెప్పిన రోజు నుంచి ఆయన ఆ కాయితాన్ని పట్టుకుని తిరుగుతున్నాడు.

"రేపు మందూబ్ వస్తాడు. ఆయనకిచ్చే ముందర ఒక్కసారి సామి ముందర పెట్టుకోని రా. మంచిది," అన్నాడు, ఈసారి కాస్త తగ్గి.

కింద టాక్సీ హారన్ మోగింది. టెంకాయతో, కర్పూరంతో, కాయితంతో మెట్లు దిగాను.

ఆ చలికాలం మొదలయ్యేనాటికి నా వయసు యాభై ఒకటి. కాయితాల్లో అరవై. ముప్పై దాటని ఆడవాళ్లను ఇంటిపనికి పంపరని, ఇరవై ఐదేళ్ల కిందట మా ఊరి దగ్గరి ఏజెంటు నాకు తొమ్మిదేళ్లు కలిపి ముప్పై ఐదని రాయించాడు. "ముప్పై ఒకటంటే అనుమానపడతారమ్మా, ముప్పై ఐదంటే పడరు," అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను. నవంబరులో నవ్వు రాలేదు. మేమందరం ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం. మా మామా నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, మళ్లీ కొట్టించుకు రమ్మని మందూబ్‌ను పంపింది. వాళ్ల ఇంటి కాయితాల పనులన్నీ చూసేది అతనే. అరవై నిండినామెకు మళ్లీ కొట్టించడం తన వల్ల కాదని అతను తిరిగొచ్చాడు. మార్చి దాకా గడువుంది.

"పద్దెనిమిదేళ్లు చేశావు కాలా," అంది మామా. నా పేరు ఆమె నోట్లో అంతే పలుకుతుంది. "పోతే పో. నీలాంటి మనిషిని ఇచ్చిపో."

ఆ వారమే ఫోన్లో అన్నీ నిర్ణయమైపోయాయి. నా బదులు వెంకటేశ్వరి వస్తుంది. నేను ఊరికి పోయి, దాని కూతురు తన్వికను పెంచుతాను. వెంకటేశ్వరికి ఇరవై నాలుగు. ఏజెంటు మారాడు గానీ పద్ధతి మారలేదు. కొత్త పాస్‌పోర్టులో ముప్పై మూడు పడింది. ఇక మిగిలింది మామా పెట్టిన ఒకే ఒక షరతు. చంటిపిల్లల తల్లి వద్దు.

"లేరని చెప్పు. ఎవరొచ్చి చూస్తారు?" అన్నాడు మా ఆయన. "అయినా చెప్పాల్సింది నువ్వే. నీ మాట మీద మామా మాట్లాడదు."

అలా ఆ ఒక్క మాట నా నెత్తిన పడింది.

ఎవరూ బలవంతపెడుతున్నది కాదు. అందరికన్నా తొందర వెంకటేశ్వరికే. పెళ్లై నాలుగేళ్లయినా, ఆంజితో కలిసి ఉన్నది మొత్తం మూడు నెలలు. "నేనొస్తే శుక్రవారమన్నా ఆయన్ను చూస్తా గదత్తా," అనేది. నాకు మాత్రం ఆశ లేదని ఎలా చెప్పను? నేను విమానం ఎక్కేనాటికి ఆంజికి మూడేళ్లు. వాణ్ని మా అత్త పెంచింది. ఇరవై ఒకటో ఏట వాడు కువైట్‌కు వచ్చినప్పుడు, విమానాశ్రయంలో చేతిలోని ఫోటో చూసుకుంటూ నా ముందు నుంచే నడిచిపోయాడు. ఇప్పుడు రెండున్నరేళ్ల పిల్ల, ముద్ద ముద్దగా మాట్లాడే పిల్ల, నా చేతికి రాబోతోంది. వంట చేస్తూ దాని జుట్టుకు రెండు పిలకలు వేస్తున్నట్టు ఊహించుకునేదాన్ని.

డిసెంబరులో ఒక శుక్రవారం ఉల్లిపాయలు తరుగుతూ, "పాప మరీ చిన్నది రా," అన్నాను ఆంజితో.

"నేను పెరగలా మా?" అన్నాడు వాడు. దెప్పడానికి కాదు, నాకు ధైర్యం చెప్పడానికే అన్నాడు. "నువ్వు లేకపోయినా అవ్వ బాగానే పెంచింది గదా. ఏమైంది నాకు?"

నేను ఉల్లిపాయలు తరిగాను.

సాల్మియా దగ్గర పడవ ఎక్కాలి. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిచేసే అంకాలమ్మ అప్పటికే రేవులో చిత్రాన్నం డబ్బాతో కూర్చుని ఉంది. మా పక్క ఊరి మనిషి. నోరు కాస్త పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. హెలెన్ రాజోలు వైపు పిల్ల, ఇక్కడ నర్సు. మామా వాళ్ల అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు తోడుగా నేను ఉన్నాను, అప్పటి స్నేహం. టిక్కెట్లు ఆ పిల్లే తీసింది. "పాతికేళ్లలో వంటిల్లూ ఆసుపత్రీ తప్ప ఏం చూశారండీ మీరు? వెళ్లిపోయేలోపు ఒక్కటన్నా చూడండక్కా," అని పట్టుబట్టింది.

టిక్కెట్లు చూసే కుర్రవాడు నా సివిల్ ఐడీ చూసి లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్ల కోసం వేసిన కుర్చీ చూపించి మర్యాదగా కూర్చోమన్నాడు. అంకాలమ్మ నన్నూ కుర్చీనీ మార్చి మార్చి చూసింది.

"చూసినావా హెలెన్, నాకంటే ఆరేండ్లు చిన్నది. దానికి కుర్చీ, నాకు క్యూ!"

"మీకూ కావాలంటే ఏజెంటుకి ఫోన్ చేయనా పిన్నిగారూ?" అంది హెలెన్.

నేను కూర్చున్నాను. కూర్చోకపోతే కాయితం అబద్ధమవుతుంది.

దీవిలో దిగి, చిన్న బస్సులో పాత ఊరి మీదుగా పోయాం. ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు అక్కడి వాళ్లందరినీ పంపేశారట. యుద్ధం ముగిసి ముప్పై ఏళ్లు దాటినా మళ్లీ ఎవరూ వచ్చి కాపురాలు పెట్టలేదు. గోడల నిండా తూటాల గుంటలు. ఒక ఇంటి వంటగది గోడ కూలి రోడ్డుకు కనిపిస్తోంది. నీలం పలకలు, తుప్పు పట్టిన కొళాయి. "పొయ్యిగట్టు మాత్రం భలే కట్టినారమ్మే," అంది అంకాలమ్మ, ఇల్లు కొనడానికి వచ్చినదానిలా.

గుడి కోట గోడల మధ్య ఉంది. కంచె దగ్గర కాపలా మనిషి మా మాటలు విని ఎదురొచ్చాడు. పేరు అబ్దుల్ బాసిత్, మనిషిది కదిరి. "అబ్బ, తెలుగు విని ఎన్ని దినాలాయ!" అంటూ తనే దారి చూపించాడు.

నేను అనుకున్నదానికన్నా చాలా చిన్నది. మామా వాళ్ల మగవాళ్లు కూర్చునే హాలంత కూడా లేదు. కానీ చూస్తే నిన్న కట్టి ఇవాళ పైకప్పు వేయడం మరిచిపోయినట్టుంది. మెట్ల అంచులు అరగలేదు. రాయికీ రాయికీ మధ్య గోరు దూరదు. బోర్లించిన గంటల్లా స్తంభాల మొదళ్లు, ముందు చదరంగా ఒక బలిపీఠం. సముద్రం మీది గాలి తప్ప ఇంకో చప్పుడు లేదు. హెలెన్ అక్కడి పలక మీది రాత చదివి చెప్పింది. అలెగ్జాండరు తర్వాత వచ్చిన గ్రీకులు కట్టారట. రెండు వేల మూడు వందల ఏళ్లు.

"అన్నేండ్లా? దీనికీ మన ఏజెంటే రాసింటాడులే," అంది అంకాలమ్మ.

అబ్దుల్ బాసిత్ పకపకా నవ్వాడు. "లేదమ్మా, చదువుకున్నోళ్లు తవ్వి, లెక్కజూసి చెప్పింది. గ్రీకు సిపాయిలంట. డ్యూటీకొచ్చినోళ్లు. ఊరు గుర్తుకొచ్చి, అచ్చం వాళ్ల ఊర్లో మాదిరే కట్టుకున్నారంట."

"మల్లా ఊరికి పోయినారా?" అని అడిగాను.

"ఎవరు పోయినారో, ఎవరు ఈడనే ఉండిపోయినారో, ఎవురికి తెలుసు తల్లీ."

అంకాలమ్మ చెప్పులు విడిచింది. మెట్ల ముందు నిలబడి ఇటూ అటూ వెతికింది. "సామి యాడయ్యా?"

"దొరికిన బొమ్మలూ బిళ్లలూ అన్నీ మ్యూజియంలో పెట్టినారమ్మా. ఈడ ఉండేది సామి నిలబడే తావు మాత్రమే."

"తావు చాల్లే," అని నా సంచిలోంచి టెంకాయ, కర్పూరం తీసింది. అబ్దుల్ బాసిత్ పరుగున వచ్చి చేతులడ్డం పెట్టాడు.

"అమ్మా, అగ్గి వద్దు, టెంకాయ వద్దు! నా నౌకరీ పోతాది."

"నా వల్ల నీ నౌకరీ ఎందుకు పోవాల నాయనా. కాయితమన్నా పెట్టుకోనీ. దీని కోడలు వచ్చాంది, వీసా పని."

అతను కంచె వైపు ఒకసారి చూసి, అటు తిరిగి నిలబడ్డాడు. "రెండు నిమిషాలు. రాళ్ల మీద కాదు, కింద నేల మీద."

అంకాలమ్మ జిరాక్సును మెట్ల ముందు ఇసుకలో పరిచింది. ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు గులకరాళ్లు పెట్టింది. ఫోటోలో వెంకటేశ్వరి రెప్ప వేయకుండా చూస్తోంది. "ఆ పిల్లకు ఫోన్ చెయ్యమ్మే. ఆడ నుంచే దండం పెట్టుకుంటాది."

వీడియోలో వెంకటేశ్వరి ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో తన్విక. తలకు నూనె పెడుతున్నట్టుంది, చేతులు మెరుస్తున్నాయి. నేను ఫోన్ తిప్పి గుడి చూపించాను.

"గోపురం ల్యాదా? అయితే ఏంలే, గుడి గుడే," అని కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. తన్విక రెండు చేతులూ పట్టుకుని దానిచేతా పెట్టించింది. కళ్లు తెరిచి, "అత్తా, రేపు మామా నాతో ఫోన్లో మాట్లాడినా మాట్లాడుతుందని ఏజెంటన్న చెప్పినాడు. ఏం చెప్పాలో నేర్పిచ్చినాడు, అరబ్బీలోకి నువ్వు మార్చి చెప్పాలంట. అప్పజెప్పేదా?" అంది.

"చెప్పు చెప్పు," అంది అంకాలమ్మ.

వెంకటేశ్వరి బడిపిల్లలా నిటారుగా కూర్చుంది. "నా పేరు వెంకటేశ్వరి. నా వయసు ముప్పై మూడు. వంట వచ్చు. ఇస్త్రీ వచ్చు. పిల్లల్లేరు."

"పిల్లల్లేలు," అంది ఒళ్లో తన్విక.

అంకాలమ్మ ఘొల్లున నవ్వింది. వెంకటేశ్వరీ నవ్వేసింది. "నిన్నట్నుంచి నేను అప్పజెప్పుకుంటాంటే వింటాందత్తా, దానికీ వచ్చేసింది. ఏదీ, అవ్వకు మల్లొకసారి చెప్పు?"

పిల్ల ఫోనుకు మొహం ఆనించి, "పిల్లల్లేలు," అని గట్టిగా చెప్పి, చెప్పినందుకు తనే చప్పట్లు కొట్టుకుంది.

"ఎండగా ఉంది, మల్లా చేస్తా," అని నేను ఫోన్ పెట్టేశాను.

అది జనవరి. హెలెన్ స్వెట్టరు వేసుకుని ఉంది. నేను వంగి, గులకరాళ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, కాయితం ఇసుక దులిపి మడిచాను.

తిరుగు పడవలో అంకాలమ్మ చిత్రాన్నం పంచింది. నేను కాస్త తిని మిగిలింది డబ్బాలోనే ఉంచాను.

"మీరూ అలా చెప్పే వచ్చారా అక్కా?" అని అడిగింది హెలెన్ మెల్లగా.

"చెప్పినా. మొదటి ఇంట్లో రెండేండ్లు నాకు పిల్లల్లేరు. ఆంజి ఫోటో సూట్‌కేసు లోపలి గుడ్డ కింద దాచినా. ఒక దినం ఆ ఇంటి పాప లాగి, ఎవరని అడిగింది. మా అక్క కొడుకన్నా."

"మీ ఆంజికి తెలుసా అండీ?"

"తెలీదు."

"అందరం చెప్పిందే గదమ్మే," అంది అంకాలమ్మ. "పాతికేండ్ల తర్వాత ఇప్పుడు నొచ్చుకుంటే ఏమొస్తాది? పాప నీ కాడే ఉంటాది. నీకేం తక్కువ?"

తక్కువ లేదు. అదే నన్ను భయపెడుతున్నది. ఈ బేరంలో వచ్చేదంతా నాకే వస్తోంది. పిలకలు నేను వేస్తాను. ముద్దలు నేను పెడతాను. ఇరవై ఏళ్ల తర్వాత ఏ విమానాశ్రయంలోనో ఫోటో పట్టుకుని తల్లిని వెతికేది మాత్రం వేరే వాళ్లు.

గదిలో మా ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "పెట్టినావా?"

"పెట్టినా."

"టెంకాయ?"

"కొట్టనీలేదు. అంకాలమ్మ పచ్చడికి తీస్కపోయింది."

ఆయన మొహం మాడింది. "ఒక్క పని చెప్తే..." అని ఆగి, "సరే, రేపు మామా కాడన్నా తడబడొద్దు," అన్నాడు.

శనివారం పొద్దున మందూబ్ ముందు గదిలో టీ తాగుతూ కూర్చున్నాడు. నేను వంటగదిలో మచ్‌బూస్ అన్నానికి మాంసం ఉడకేసి, ఉల్లిపాయలు వేయిస్తున్నాను. మామా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కాలా, యల్లా, ఆ అమ్మాయి కాయితం ఇవ్వు. వాడికి తొందరట." నేను కవరు కోసం చెయ్యి చాచేలోగా మళ్లీ తనే అంది. "ఒక్క మాట చెప్పు. చిన్నపిల్లలు లేరు కదా? మా అక్క ఇంట్లో నువ్వూ చూశావు. అక్కడి పనిమనిషి ఊర్లోని బిడ్డ కోసం ఆరు నెలలు బాత్రూములో ఫోన్ పట్టుకుని ఏడ్చింది. రోజూ ఆ ఏడుపు వింటూ నేను అన్నం తినలేను. నువ్వు లేరంటే లేరు, ఖలాస్. ఇంక ఎవర్నీ అడగను."

మా ఆయన చెప్పిందే నిజం. మామా నా మాట కోసమే చూస్తోంది. ఇంకేదీ అక్కర్లేదు ఆమెకు.

నేను మంట తగ్గించాను. చేతులు తుడుచుకున్నాను. వంటగది మూలనున్న స్టూలు జరిపి, "కూర్చో మామా," అన్నాను.

ఆ వారమంతా ఆయన రోజూ ఫోన్ చేశాడు. కాయితం ఇచ్చావా అంటే ఇచ్చానూ అనలేదు, లేదూ అనలేదు. శుక్రవారం వస్తాను గదా, వచ్చి చెప్తా అన్నాను. పని అయిపోయిందనే అనుకున్నట్టున్నాడు. గదికి పోయేసరికి కోడి తెచ్చి పెట్టి, చాప పరిచి ఉంచాడు. ఆంజి తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వెంకటేశ్వరికి తనే ఫోన్ కలిపి, అందరికీ కనబడేలా నీళ్ల సీసాకు ఆనించి పెట్టాడు. అటువైపు వెంకటేశ్వరి పెద్ద బొట్టు పెట్టుకుని కూర్చుంది. తన్విక వెనక మంచం మీద నిద్రపోతోంది.

సంగటి ముద్దలు పెట్టి, కోడికూర వడ్డించి, నేనూ కూర్చున్నాను.

"మామాకు ఉండేది ఉన్నట్టు చెప్పినా," అన్నాను. "వెంకటేశ్వరికి ఇరవై నాలుగని, రెండున్నరేండ్ల బిడ్డుండాదని. మామా వేరే మనిషిని చూసుకుంటాది. మార్చి ఎనిమిదికి నాకు టికెట్టు తీసింది. నేను ఇంటికి పోతాండా. వెంకటేశ్వరి రాదు."

మా ఆయన తినడం ఆపాడు. ఫోన్లో కోడలు చూస్తుండగానే కంచం పక్కకు నెట్టాడు. ఆంజి ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూశాడు. వాడి మొహంలో ఏముందో నాకు తెలియలేదు. వాడి మొహం చూసి తెలుసుకోవడం నేనెప్పుడూ నేర్చుకోలేదు.

మొదట వెంకటేశ్వరే మాట్లాడింది. పాప లేస్తుందని కాబోలు, గొంతు తగ్గించి అంది. "నన్నొక మాట అడగలేదే అత్తా."

"అడగలేదు," అన్నాను. "అడిగింటే వస్తానంటావు. కోపముంటే అట్లే పెట్టుకో. మార్చిలో వచ్చినాక ఎదురుగ్గా కూచోబెట్టుకోని తిట్టు. వింటా."